పదిహేడో దండీ

అగ్నిమాపక శాఖలో చేరాలంటే మూడు పరీక్షలు దాటాలి. నిచ్చెన ఎక్కడం, బరువు మోయడం, దండీలు తీయడం. ఎత్తంటే భయపడేవాళ్ళు ఎలాగూ దరఖాస్తు పెట్టరు. బరువు మోత దగ్గర పళ్ళ బిగువున గట్టెక్కేవాళ్ళు చాలామందే ఉంటారు. సగం మంది ఇంటిదారి పట్టేది దండీల దగ్గరే.

రెండు నిమిషాల్లో ఇరవై అయిదు తీయాలి. వినడానికి అదేమంత పెద్ద సంఖ్య కాదు. పరీక్షకు వచ్చే ప్రతివాళ్ళూ ఇంట్లో నలభై తీసే వస్తారు. కానీ ఇంట్లో తీసేదీ వాళ్ళే, లెక్కపెట్టేదీ వాళ్ళే. ఇక్కడ లెక్కపెట్టడానికి వేరే మనిషి ఉంటాడు.

ఆ మనిషికి నలభై తొమ్మిదేళ్ళు. పద్దెనిమిదేళ్ళు గొట్టం పట్టుకుని మంటల్లోకి వెళ్ళాడు. మోకాలు మొరాయించాక ఆయన్ని పరీక్షల విభాగంలో వేశారు. పదకొండేళ్ళుగా అదే హాలు, అదే పొట్టి స్టూలు. అభ్యర్థికి కుడిపక్కన స్టూలు వేసుకుని, ఛాతీ కింద నాలుగు వేళ్ళ మందం ఉన్న స్పాంజి ముక్క పెట్టి, గడియారం నొక్కుతాడు. ఛాతీ స్పాంజిని తాకి, పైకి లేచాక మోచేతులు పూర్తిగా చాపుకుంటే అంకె చెబుతాడు. లేకపోతే "సున్నా" అంటాడు. నడుము కిందికి జారితే సున్నా. పిరుదులు గుడారంలా లేస్తే సున్నా. ఛాతీ దిగకుండా, కోడి గింజలు ఏరుకున్నట్టు తల ఒక్కటే వంగితే సున్నా. ఆ మాట అనేటప్పుడు గొంతులో కోపం ఉండదు, జాలీ ఉండదు. శాఖలో ఆయన్ని ఎదురుగా మాస్టారు అనేవారు, వెనక సున్నా అనేవారు.

ఆ ఏడాది పరీక్షకు వచ్చిన నూట పద్నాలుగు మందిలో ఆయన మరదలు ఒకతె.

భార్యకు సొంత చెల్లెలు. ముప్పై ఒక్కేళ్ళు. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో మెకానిక్‌గా తొమ్మిదేళ్ళ నుంచీ పనిచేస్తోంది. లిఫ్టుల్లో జనం ఇరుక్కుపోయినప్పుడు ఆమె తాళాలూ పానాలూ పట్టుకుని వెళ్ళేది, అగ్నిమాపక సిబ్బంది తాళ్ళూ నిచ్చెనా పట్టుకుని వచ్చేవాళ్ళు. తలుపు తెరిచి ఇవ్వడం ఆమె పని, లోపలికి దిగడం వాళ్ళ పని. తెరిచి పక్కకు తప్పుకోవడం ఆమెకు ఎప్పుడూ నచ్చలేదు. ముప్పై రెండు దాటితే దరఖాస్తు తీసుకోరు. అందుకని ఆ ఏడాది పెట్టింది.

పరీక్షకు ముందు రోజే మాస్టారు పై అధికారి గదికి వెళ్ళి సంగతి చెప్పాడు.

"రేపు మా మరదలు ఉంది సార్. ఆమెని వేరేవాళ్ళు లెక్కపెడితే బాగుంటుంది."

అధికారి కాగితాల మీద నుంచి తలెత్తి నవ్వాడు. "వేరేవాళ్ళు ఎక్కడున్నారు మాస్టారూ? అయినా మీరు మీ మామగారినైనా వదిలే రకం కాదు. వెళ్ళి కూర్చోండి."

నిచ్చెనా బరువూ దాటేసిన ఆమెకు మర్నాడు ఉదయం పదకొండు గంటలకు దండీల వంతు వచ్చింది. హాల్లోకి వచ్చేటప్పుడు బావ వంక చూడలేదు. ఆయనా చూడలేదు. చేతులు నేల మీద ఆనించింది, కాళ్ళు వెనక్కి చాపింది. గడియారం నొక్కాడు.

మొదటి పది జోరుగా పోయాయి. పదకొండు, పన్నెండు అంటుంటే వేగం కొంచెం తగ్గింది. "పదహారు" అన్నాడు. తర్వాతది "సున్నా" అన్నాడు. ఆమె ఆగలేదు. "పదిహేడు, పద్దెనిమిది..." ఇరవై రెండు దగ్గర ఒళ్ళు వణకడం మొదలైంది. ఇంకో రెండు అంకెలు వచ్చాయి, మధ్యలో మూడు సున్నాలు వచ్చాయి. ఆ తర్వాత గడియారం మోగింది. ఇరవై నాలుగు.

ఆమె నేల మీద బోర్లా పడుకుని కాసేపు ఊపిరి తీసుకుంది. లేచి, ఆయన చూపించిన చోట సంతకం పెట్టి వెళ్ళిపోయింది. ఆయన తర్వాతి పేరు పిలిచాడు.

*

ఆ సాయంత్రం ఆయన ఇంటికి వెళ్ళేసరికి వార్త ఆయనకన్నా ముందే చేరింది. భార్య వంటగదిలో బంగాళాదుంపల తొక్క తీస్తోంది. తొక్కతో పాటు సగం దుంప కూడా పోతోంది.

"ఒక్కటి. ఒక్కటంటే ఒక్కటి. ఇరవై అయిదు అని ఉంటే మీ నాలుక అరిగిపోయేదా?"

"ఇరవై అయిదు తీస్తే అనేవాణ్ణి."

"పదకొండేళ్ళలో ఎంతమందికి ఒకటీ అరా కలిపి ఉండరు?"

"ఎవరికీ కలపలేదు."

"అదే మీ రోగం," అని ఆమె పొయ్యి వైపు తిరిగింది.

నాలుగు బస్టాపుల అవతల, చిన్న కూతురితో ఉంటున్న అత్తగారు ఫోన్ చేసింది. "నాకు మీ మీద ఏం కోపం లేదు బాబూ," అంది. అత్తగారికి నిజంగా కోపం లేకపోతే ఆ మాట అనదని ఆయనకు ఇరవై ఏళ్ళ అనుభవం. "మీ ఉద్యోగం మీరు చేశారు. దాని రాత అలా ఉంది. ఉంటాను."

మూడు రోజులు ఇంట్లో ఆయనతో అవసరమైన మాటలే మాట్లాడారు. ఆయన తిన్నాడు, పడుకున్నాడు, పనికి వెళ్ళాడు. పైకి ఏం తేడా కనిపించలేదు. కానీ హాల్లో ఎవరైనా పదిహేడో దండీకి వచ్చినప్పుడల్లా ఒక క్షణం ఎక్కువ చూసేవాడు. మరదలు పదిహేడోది తీసినప్పుడు ఆమె మోచేయి పూర్తిగా చాపుకుందో లేదో ఆయనకు గుర్తు రావడం లేదు. సున్నా అన్న మాట గుర్తుంది. ఎందుకన్నాడో గుర్తు లేదు. పదకొండేళ్ళలో అలా ఎప్పుడూ జరగలేదు.

అయిదో రోజు సాయంత్రం మరదలే వచ్చింది. పని బట్టల్లోనే ఉంది, చేతులకు గ్రీజు మరకలు. చెప్పులు విప్పి, అక్క ఇచ్చిన టీ అందుకుని, నేరుగా బావ ఎదురుగా కూర్చుంది.

శాఖలో ఒక వెసులుబాటు ఉంది. మూడు దండీలు లేదా అంతకన్నా తక్కువ తేడాతో పోయినవాళ్ళకు పదమూడు వారాల తర్వాత ఇంకో అవకాశం ఇస్తారు. పాత దరఖాస్తే చెల్లుతుంది కాబట్టి వయసు అడ్డు రాదు. రెండోసారి లెక్కపెట్టేది వేరే స్టేషన్ నుంచి వచ్చే మనిషి.

"బావా, నాకు నేర్పు," అంది.

"నా మీద కోపం లేదా?"

"ఉంది. బోలెడు ఉంది. అది తర్వాత చూసుకుందాం. ముందు నేర్పు."

"నీకు బలం లేక పోలేదు. తీయడం రాక పోయింది."

"అదే అంటున్నా. నేర్పు."

*

మొదటి పాఠం గోడ దగ్గర పెట్టాడు. ముందు గదిలో కుర్చీలు జరిపి, గోడకు రెండు చేతులూ ఆనించి నిలబడమన్నాడు.

"గోడా?" అంది ఆమె. "రోజూ మోటార్లు ఎత్తి దించేదాన్ని. ముసలమ్మలా గోడకి ఆనుకోమంటావేంటి?"

"ముసలమ్మలు నీకన్నా నయం. చెప్పిన మాట వింటారు."

చీపురు కర్ర తెచ్చి ఆమె వీపు మీద నిలువుగా ఆనించాడు. తల వెనక, భుజాల మధ్య, పిరుదుల మీద, ఈ మూడు చోట్లా కర్ర తగులుతూ ఉండాలన్నాడు. గోడ వైపు వంగినా, వెనక్కి వచ్చినా కర్ర మూడు చోట్లా అంటుకునే ఉండాలి. చేతులు భుజాలకన్నా కొద్దిగా ఎడంగా పెట్టాలి. మోచేతులు కోడి రెక్కల్లా పక్కలకు విచ్చుకోకూడదు, అలాగని డొక్కలకు అతుక్కుపోకూడదు, ఆ రెంటికీ మధ్య ఏటవాలుగా ఉండాలి. పొట్ట బిగించాలి. పిరుదులు బిగించాలి. దిగేటప్పుడు ఊపిరి తీసుకుని, లేచేటప్పుడు వదలాలి.

మొదటిసారి వంగగానే కర్ర నడుము దగ్గర పట్టు తప్పి కింద పడింది. రెండోసారి కూడా పడింది. పక్కింటివాళ్ళు ఏం పడిందని అడిగారు. "మా చెల్లి," అంది భార్య కిటికీలోంచి. ఆ వారం మొగుడి ఎదుట ఆమె అన్న మొదటి సరదా మాట అదే, అదీ ఆయనతో కాదు.

"నువ్వు దిగడం లేదు, పడుతున్నావు," అన్నాడాయన. "పడడానికి నేర్పక్కర్లేదు, నేలే చూసుకుంటుంది. దిగడం నీ పని. మూడు అంకెలు లెక్కపెట్టుకుంటూ దిగు."

"మూడా? అంతసేపట్లో ఆరు తీస్తాను."

"అందుకే ఇరవై నాలుగు దగ్గర ఆగిపోయావు."

ఆమె పళ్ళు కొరికి గోడ వైపు వంగింది. వారం రోజులు గోడే. పని నుంచి వచ్చేసేది, ముప్పావు గంట ఉండి వెళ్ళేది. రెండో వారం వంటగట్టు దగ్గరికి మార్చాడు. గట్టు అంచు మీద చేతులు పెట్టి, కాళ్ళు వెనక్కి జరిపి, ఒళ్ళు ఏటవాలుగా ఉంచి తీయాలి. గోడకన్నా కష్టం, నేలకన్నా తేలిక. భార్య పక్కనే కూరగాయలు తరుగుతూ, మధ్య మధ్య చెల్లెలి మోచేతుల కిందినుంచి చెయ్యి పెట్టి ఉప్పు డబ్బా అందుకునేది.

మూడో వారంలో ఒకరోజు కర్ర జారి కింద పడింది. తీసి మళ్ళీ పెట్టడానికి ఆయన ఆమె వెనక్కి వెళ్ళాడు. కర్ర చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

పదకొండేళ్ళుగా ఆయన దండీలను పక్కనుంచే చూశాడు, అదీ కుడిపక్కనుంచి. వెనకనుంచి చూడాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. ఇప్పుడు చొక్కా కింద ఆమె కుడి వీపు చదునుగా ఉంది. ఎడమవైపు మాత్రం రెక్క ఎముక, సగం లాగి వదిలేసిన సొరుగులా బయటికి పొడుచుకొచ్చింది. ఆమె పైకి లేస్తుంటే ఒళ్ళంతా కుడి చేతి మీదికి ఒరిగింది. ఎడమ చెయ్యి గట్టు మీద ఊరికే ఉంది.

"ఆగు," అన్నాడు. "నీ ఎడమ భుజానికి ఏమైంది?"

"ఏం కాలేదు."

"రెక్క ఎముక బయటికొస్తోంది."

"పుట్టుకతోనే అంతే బావా."

భార్య కత్తి పక్కన పెట్టింది. "పుట్టుకతోనా? ఆరేళ్ళు వచ్చేదాకా నీకు స్నానం చేయించింది నేను. నాకు తెలియని ఎముక నీకెక్కడినుంచి వచ్చిందే?"

మరదలు గట్టు మీద నుంచి చేతులు తీసి, వాటి వంక చూసుకుంది.

"మూడేళ్ళ కింద పడ్డాను," అంది చివరికి. "లిఫ్టు గుంతలోకి. అడుగునున్న స్విచ్చు మార్చడానికి దిగుతుంటే నిచ్చెన జారింది. పెద్ద లోతేం కాదు, మనిషంత. ఎడమ పక్క పడ్డాను. మెడ కింద ఎముక చిట్లింది."

"మూడేళ్ళ కిందా? ఎప్పుడు?"

"కంపెనీ వాళ్ళు శిక్షణకి పంపారని చెప్పానే, పన్నెండు రోజులు. అప్పుడు."

"శిక్షణ నుంచి వచ్చేటప్పుడు అమ్మకి శాలువా కూడా తెచ్చావు కదే!"

"ఆసుపత్రి ఎదురుగానే కొట్టు ఉంది." ఆమె గొంతు తగ్గించింది. "అమ్మకి తెలిస్తే ఆ రోజే ఉద్యోగం మానిపించేది. తర్వాత నొప్పి తగ్గిపోయింది. బరువులన్నీ కుడి చేత్తో ఎత్తడం అలవాటైంది. నాకే గుర్తు లేదు."

భార్య పొయ్యి ఆపేసి లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. వంటగదిలో బావా మరదలూ మిగిలారు. ఆయన చీపురు కర్రను మూల నిలబెట్టాడు.

"ఈ రోజుకి చాలు. బస్సు దాకా వస్తాను," అన్నాడు.

*

ఆఫీసులు వదిలే వేళ. కాలిబాట మీద జనం ఎక్కువగా ఉన్నారు. ఆయన మోకాలి కోసం ఆమె నెమ్మదిగా నడిచింది. బస్టాపులో బెంచీ మీద చోటు దొరికింది.

"నీకొక మాట చెప్పాలి," అన్నాడాయన. "ఆ రోజు పదిహేడోది. దాన్ని సున్నా అన్నాను. ఎందుకన్నానో నాకు తెలియదు. నువ్వు చేతులు చాపే ఉంటావు. నేను ముందే అనేశాననుకుంటా. నువ్వు నా మరదలివి కాకపోతే అంకె చెప్పేవాణ్ణేమో."

చెప్పాక ఆయన రోడ్డు వంక చూస్తూ కూర్చున్నాడు. ఆమె తిడుతుందనుకున్నాడు. పై అధికారికి చెబుతానంటే చెప్పమనే అందామనుకున్నాడు.

"పదిహేడోది నాకు గుర్తు లేదు బావా," అంది. "పదకొండోది గుర్తుంది."

"పదకొండోదా?"

"ఎడమ చెయ్యి అక్కడే చేతులెత్తేసింది. సగం దిగి లేచిపోయాను. స్పాంజికి నా ఛాతీ తగల్లేదు, చొక్కా తగిలింది. ఈసారి సున్నా ఖాయం అనుకున్నా. నువ్వు పదకొండు అన్నావు."

ఆయన ఆమె వైపు తిరిగాడు. "నిజంగానా?"

"నిజంగానే. నాకు ఇరవై నాలుగే రావాలి. అందుకే ఆ రోజు నోరెత్తలేదు. లేకపోతే నీ హాలు కప్పు ఎగిరిపోయేలా చేసేదాన్ని."

బస్సు వచ్చింది. ఆమె ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, ఫోన్ తీసుకుంది. ఆయన అక్కడే ఇంకో రెండు బస్సులు పోయేదాకా కూర్చున్నాడు. మనసు తేలికపడాల్సింది, పడలేదు. బెంచీ మీద కూర్చునేటప్పుడు ఆయన దగ్గర ఒక తప్పు ఉంది. లేచేటప్పుడు రెండున్నాయి. పదకొండేళ్ళలో కుడిపక్కనుంచి చూసినవాళ్ళు వెయ్యిమందికి పైనే ఉంటారు. వాళ్ళ ఎడమ చేతులు ఎలా ఉన్నాయో ఆయనకు తెలియదు.

*

ఆసుపత్రిలో వ్యాయామ చికిత్స చేసే ఆవిడ సన్నగా, గాలికి కొట్టుకుపోయేలా ఉంటుంది గానీ బొటనవేలితో నొక్కితే లిఫ్టు మెకానిక్ సైతం అబ్బా అనాల్సిందే. మరదలి చేత చెయ్యి పైకెత్తించింది, పక్కకు తిప్పించింది, గోడను నెట్టించింది. వెనక నిలబడి చూసింది.

"ఎముక అతికింది. నరం బాగానే ఉంది," అంది. "రెక్క ఎముకను పక్కటెముకల మీద పట్టి ఉంచే కండ ఒకటుంది, డొక్క పక్కన. మూడేళ్ళుగా దాని పని కూడా పక్కవాళ్ళే చేస్తున్నారు. అది హాయిగా కూర్చుంది."

"లేపడానికి ఎన్నాళ్ళు పడుతుంది?"

"ఆరు వారాలు నేల మాట ఎత్తొద్దు. గోడ దగ్గర దండీలు తీయండి. చేతులు చాపుకున్నాక ఆగకుండా ఇంకొంచెం నెట్టండి, వీపు కొద్దిగా గుండ్రంగా అయ్యేదాకా. ఆ చివరి నెట్టుడే దానికి మందు."

"గోడా?" అంది మరదలు. వెనక కుర్చీలో కూర్చున్న మాస్టారు కిటికీ వైపు చూశాడు.

లెక్క వేసుకుంటే పదమూడు వారాల్లో మూడు అయిపోయాయి. ఆరు గోడకు పోతే నాలుగు మిగులుతాయి.

అమ్మకు చెప్పే పని అక్క తీసుకుంది. ఏం చెప్పిందో, ఎలా చెప్పిందో గానీ, మర్నాడు అత్తగారు గొడుగు ఊపుకుంటూ వచ్చింది. వస్తూనే చిన్న కూతుర్ని వెనక్కి తిరగమంది. ఎడమ భుజం వెనక అరచెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉంచింది.

"ఇంకేమైనా దాచావా?"

"లేదమ్మా."

"మోకాళ్ళు చూపించు."

"అమ్మా!"

"చూపించమన్నానా?"

చూపించింది. ముసలావిడ రెండు మోకాళ్ళూ నొక్కి చూసి, సంతృప్తిపడి కుర్చీలో కూర్చుంది. అప్పుడు కళ్ళు తుడుచుకుంది. "ఆ శాలువా ఇంక కప్పుకోను," అంది. కానీ చలికాలం వచ్చాక కప్పుకుంది. వెచ్చగా ఉంటుందట. అల్లుడితో మాత్రం, "మీరు చూశారు కాబట్టి బయటపడింది బాబూ," అంది. ఆయన ఆ మాట తీసుకోలేకపోయాడు. ముందే చూసి ఉండాల్సింది.

ఆ ఆరు వారాల్లో ముందు గోడ, తర్వాత గట్టు, తర్వాత మంచం అంచు, తర్వాత గుమ్మం ముందున్న మెట్టు. పాత వేగం పోయింది. ఎడమ చెయ్యి మొదట్లో వణికేది, ఆ తర్వాత నొప్పిపెట్టేది, ఆ తర్వాత ఊరికే అలిసిపోయేది. ఊరికే అలిసిపోవడం మంచిదని చికిత్స చేసే ఆవిడ అంది. పదో వారంలో నేల మీదికి దింపాడు.

ఆమె మూడు అంకెల పాటు దిగింది. ఛాతీ నేలకు తగిలింది. రెండు చేతులూ ఒకేసారి నెట్టాయి. ఆయన చుట్టూ తిరిగి చూశాడు, కుడిపక్క, వెనక, ఎడమపక్క. రెక్క ఎముక లోపలే ఉంది.

"ఒకటి," అన్నాడు.

ఆమె మోకాళ్ళు కింద ఆనించి ఆగిపోయింది.

"ఇంకోటి తియ్యి."

"ఇంకోటి చెడిపోతుంది. తెలుస్తోంది," అంది. తర్వాత నవ్వింది. "ఇరవై నాలుగు నుంచి ఒకటికి దించావు బావా. నేర్పడం అంటే నీ దగ్గరే చూడాలి."

ఆ వారం చివరికి నాలుగు అయ్యాయి. తర్వాతి వారం పది. ఆ తర్వాత పదిహేడు. పరీక్షకు నాలుగు రోజుల ముందు ఇరవై మూడు తీసి, మొహం కింద పెట్టేసింది. చివరి మూడు రోజులు ఏమీ చెయ్యొద్దని, ఊరికే తిని పడుకోమని మాస్టారు చెప్పాడు. ఆమెకు అది అన్నిటికన్నా కష్టమైంది.

*

రెండో పరీక్ష రోజు బంధువులు హాల్లో ఉండకూడదు. మాస్టారు వాహనాల షెడ్డులోకి వెళ్ళి, నీళ్ళ బండి మెట్టు మీద కూర్చున్నాడు. డ్రైవరు బండి అద్దాలు తుడుస్తూ ఆయన్ని చూసి, టీ కావాలా అని అడిగాడు. వద్దన్నాడు. కాసేపయ్యాక మళ్ళీ అడిగాడు. తెమ్మన్నాడు. టీ చల్లారిపోయింది.

హాల్లో లెక్కపెడుతున్నది నదికి అవతలి స్టేషన్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. ఆమె ఎలా లెక్కపెడుతుందో మాస్టారుకు తెలియదు. మెతకగా లెక్కపెడితే ఎలా అని ఒకసారి, మరీ గట్టిగా లెక్కపెడితే ఎలా అని ఇంకోసారి అనుకున్నాడు. తన స్టూలు ముందు బోర్లా పడుకున్నవాళ్ళకు బయట ఇలా కూర్చునే మనుషులు ఉంటారని ఆయన అంతవరకూ ఆలోచించలేదు.

మరదలు బయటికొచ్చింది. జుట్టు నుదుటికి అంటుకుపోయింది. ఎడమ భుజాన్ని కుడి చేత్తో పట్టుకుని ఉంది.

"ఎన్ని?"

"ముప్పై ఒకటి తీశాను. ఇరవై ఏడు లెక్కకొచ్చాయి."

ఆయన లేచి నిలబడ్డాడు. "నాలుగు పోయాయా? ఏవేవి?"

డ్రైవరు అద్దం తుడవడం ఆపేశాడు. "మాస్టారూ, అమ్మాయి నెగ్గింది!"

"తెలుసు," అన్నాడాయన. "తెలుసు. విన్నాను." ఆయన మళ్ళీ మెట్టు మీద కూర్చున్నాడు. మోకాలి వల్ల అనుకున్నారు అక్కడున్నవాళ్ళు. మరదలు వచ్చి పక్కన కూర్చుని, చల్లారిన టీ తీసుకుని ఒక్క గుక్కలో తాగేసింది.

"అక్కకి నువ్వు ఫోన్ చెయ్యి బావా," అంది. "ఈసారైనా నీ నోటినుంచి విననీ."

ఆయన ఫోన్ చేశాడు. అవతలనుంచి భార్య ఏమందో ఎవరికీ వినిపించలేదు గానీ, ఆయన చాలాసేపు "ఊ, ఊ" అంటూ ఉన్నాడు.

*

మర్నాడు ఆయన పై అధికారికి ఒక ఉత్తరం రాసి ఇచ్చాడు. లెక్కపెట్టేవాళ్ళు ఒకే పక్క కూర్చోవడం వల్ల రెండో పక్క జరిగేది కనిపించడం లేదు కాబట్టి ఇద్దరు మనుషులు కావాలని మొదటి పేరా. మొదటి పరీక్షలో ఫలానా అభ్యర్థి విషయంలో తాను రెండు పొరపాట్లు చేశానని, ఒకటి ఆమెకు లాభం, ఒకటి నష్టం అని రెండో పేరా.

అధికారి రెండుసార్లు చదివాడు. "ఒకటి పోయి ఒకటి వచ్చింది. లెక్క సరిపోయిందిగా. ఇదెందుకు రాశారు?"

"దానంతటదే సరిపోయింది సార్. నేను సరిపెట్టలేదు."

"ఇద్దరు మనుషుల్ని ఎక్కణ్ణుంచి తేను?"

"మనుషులు లేకపోతే స్టూలు తీసేస్తాను. నిలబడి చూస్తాను."

"మీ మోకాలో?"

"దాని సంగతి నేను చూసుకుంటాను."

అధికారి ఉత్తరాన్ని ఫైల్లో పెట్టాడు. రెండో మనిషి రాలేదు. తర్వాతి జట్టు పరీక్షకు వచ్చేసరికి హాల్లో స్టూలు లేదు. మాస్టారు అభ్యర్థి చుట్టూ కుంటుకుంటూ తిరుగుతూ లెక్కపెట్టాడు. దానివల్ల సున్నాలు పెరిగాయని కొందరు, తగ్గాయని కొందరు అన్నారు. ఇద్దరు అభ్యర్థులను మాత్రం మధ్యలోనే ఆపి, వెళ్ళి భుజం చూపించుకు రమ్మన్నాడు. వాళ్ళు ఆయన్ని బాగా తిట్టుకుంటూ వెళ్ళారు.

మరదలు ఆరు నెలల శిక్షణకు వెళ్ళింది. ఈసారి నిజంగానే శిక్షణ అని అత్తగారికి నమ్మకం కుదరక, ఉత్తర్వు కాగితం చేతిలో పట్టుకుని రెండుసార్లు చదివించుకుంది. మూడో వారంలో ఒక ఆదివారం మధ్యాహ్నం మరదలు ఫోన్ చేసింది.

"బావా, ఇక్కడ రోజూ పొద్దున్నే యాభై తీయిస్తున్నారు. అందరూ జల్లెడ ఆడించినట్టు ఊగేసి లేచిపోతున్నారు. నేను ఇంకా ముప్పైలో ఉంటాను. లైన్లో చివర మిగిలేది నేనే. నిద్రపోతున్నావా అని అరుస్తాడు మా ట్రైనరు."

"నువ్వేం చేశావు?"

"ఏం చేస్తాను? ఆయన అరిచేదాకా అరిచాడు. నేను నా పద్ధతిలోనే తీశాను. నిన్న మాత్రం వెనక్కొచ్చి నిలబడి చూశాడు."

"ఏమన్నాడు?"

"ఏమనలేదు. తర్వాత అరవడం మానేశాడు. అంతే."

మాస్టారు ఇంకేదో అడగబోయాడు. భార్య చెయ్యి తుడుచుకుంటూ వచ్చి ఫోన్ లాక్కుంది. భుజం నొప్పి ఉందా, తిండి ఎలా ఉంది, రాత్రి దుప్పటి సరిపోతోందా అని ఊపిరి తీసుకోకుండా అడగడం మొదలుపెట్టింది. ఆ మాటలు ఇప్పట్లో తెమిలేవి కావని తెలిసి, ఆయన తడిబట్టల బకెట్టు పట్టుకుని మేడ మీదికి మెట్లెక్కాడు.